అన్నయ్య బెల్టు

మార్చి 11, 2001. ఆదివారం.

అన్నయ్య మునిగిపోయిన ఏటి దగ్గరికే ఇవాళ వదినా నేనూ ట్రౌట్ చేపలు పట్టడానికి వెళ్లాం. భూగోళానికి దక్షిణాన ఉన్న ఈ దేశంలో మార్చి అంటే చలి మొదలవబోయే రోజులు; అప్పుడే చేపలు బాగా పడతాయనేవాడు.

నీళ్లలో దిగే ముందు వదిన నా రబ్బరు సూటు మీద బెల్టు బిగించింది. "టైట్‌గా ఉండాలి స్వాతీ, లేకపోతే లోపలికి నీళ్లు నిండిపోతాయి. మీ అన్నయ్య చూడు, దీన్ని డిక్కీలో మర్చిపోయాడు."

మర్చిపోలేదు. ఆ రోజు డిక్కీలో వేసిన కట్టెల మోపు కట్టడానికి నేనే అడిగి తీసుకున్నాను. "ఒక్కపూటేగా, ఉంచుకోవే," అన్నాడు.

వదినకు చెప్పేద్దామని నోరు తెరిచేలోపే గాలం బరువెక్కింది. చేప ఎండలో మెరుస్తూ ఎగిరితే అన్నీ మరిచి కేక పెట్టాను. అన్నయ్య పోయిన ఏడాదిగా నవ్వని వదిన నవ్వింది. ఇక ఎలా చెప్పను?

ఇంటికి రాగానే బెల్టు విప్పేశాను. నడుముకి ఇంకా బిగుసుకునే ఉంది.