నీకు చేసిచ్చిన డాలు

అక్కా,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. అందుకే ఈ ఉత్తరం మీ తలుపు కిందనుంచి తోసి వెళ్తున్నాను.

రేపటి యుద్ధం సీనులో సైనికులుగా నిలబడడానికి స్టూడియోవాళ్లు మీ అభిమాన సంఘాన్ని పిలిచారట. నువ్వు మూడొందల మంది పేర్లిచ్చావట. "మన మంత్రలోకం సీరియల్ ఆగిపోకుండా మా వంతు సాయం" అని నువ్వు పెట్టిన పోస్టు మా సమ్మె శిబిరంలో అందరూ చదివారు. ఆ తర్వాత టీ గ్లాసు నా దాకా రాలేదు.

ఆ సైనికుల వేషాలు ఇన్నాళ్లూ వేసింది మావాళ్లేనక్కా. కత్తులు, డాళ్లు చేసే నాతోపాటు నలభై రోజులుగా గేటు బయట కూర్చున్నారు. రేపు మీరు లోపలికి వెళ్తే మా పని అయిపోయినట్టే.

సీరియల్లో రాణిని కోట బయటికి గెంటిన రోజు నువ్వు అన్నం ముట్టలేదు. సొంత తమ్ముణ్ణి పనిలోంచి గెంటేస్తే నీకేం పట్టదా?

నీ కాళ్లు పట్టుకుంటాను. మీ సంఘం సొంత వేషాల్లోనే రండి, కానీ గేటు దగ్గర మా పక్కన ఆగిపోండి. నీ పుట్టినరోజుకి నేను చేసిచ్చిన డాలు మొహానికి అడ్డం పెట్టుకుని నన్ను దాటిపోకు. దాన్ని చేసింది అందుకు కాదు.

నీ తమ్ముడు