పసుపు పెన్సిల్ అయిపోయిన రోజు

మార్చి 3
మా వీధిలో పదకొండు ఇళ్లకూ నోటీసులు అంటించి వెళ్లారు. జోనింగ్ మ్యాప్ ప్రకారం ఇది గోడౌన్ల స్థలమట. కాపురాలు చెల్లవట. నెలన్నరలో ఖాళీ చెయ్యాలట. అభ్యంతరాలుంటే ఈ నెల 28లోగా ఫారం నింపి ఇవ్వాలట. నేను అద్దెకుంటున్న ఇంటి ఓనర్ టైలర్ బాబాయి, నువ్వు మ్యాపుల ఆఫీసులోనే కదమ్మా, ఇదేం చోద్యం అని అడిగాడు. ఏ తలమాసినవాడు గీశాడో రేపు చూస్తానన్నాను.

మార్చి 4, ఉదయం 11
ఆ తలమాసినదాన్ని నేనే.

మార్చి 4, సాయంత్రం
మ్యాపు మూలన నా పొట్టి సంతకం. పద్దెనిమిదేళ్ల క్రితం, ఉద్యోగంలో రెండో వారం. ఇళ్లకు పసుపు, గోడౌన్లకు గోధుమ రంగు. ఆఖరి వీధి దగ్గర పసుపు పెన్సిల్ అయిపోయింది. స్టోర్ గుమాస్తా లంచ్‌కు వెళ్లాడు. ఖాళీగా వదిలితే సూపర్‌వైజర్ తిడతాడని గోధుమ రంగు వేసేశాను, సోమవారం చెరిపి దిద్దుకుందామని. సోమవారం నన్ను వేరే సెక్షన్‌లో వేశారు. తర్వాత ఆ మ్యాపునే స్కాన్ చేశారు. అప్పటికి నేనీ వీధి మొహం కూడా చూడలేదు.

మార్చి 9
సీనియర్‌కు చెప్పాను. గీసినవాళ్లు రాసి ఒప్పుకుంటే తప్ప మ్యాపు మారదన్నారు. ఒప్పుకుంటే సస్పెన్షన్ ఖాయమట. నోరు మూసుకుని కూర్చో తల్లీ, మూల సంతకాలు ఎవరు చూస్తారు అన్నారు. సాయంత్రం దాకా తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

మార్చి 10
అన్నం సహించడం లేదు.

మార్చి 15
మా పదకొండు ఇళ్లలో ఐదు భాషలు. ఫారం మాత్రం ఒకే భాషలో. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని అందరి అభ్యంతర పత్రాలూ నా నెత్తినే పడ్డాయి. బాబాయి కుట్టుమిషన్ మీద పెట్టుకుని రాశాను. వెల్డర్ పెళ్లాం రెండుసార్లు టీ ఇచ్చింది. 'పొరపాటుకు కారణం' అన్న గడిలో ఏం రాద్దామని బాబాయి అడిగాడు. ప్రస్తుతానికి వదిలేద్దాం అన్నాను. ఎదురింటి నర్సమ్మ నీ కడుపు చల్లగా ఉండాలి అంది. నా మీద నాకే అసహ్యం వేసింది.

మార్చి 28, ఉదయం 10
అభ్యంతరాలకు ఇదే ఆఖరి రోజు. వీధి వీధంతా క్యూలో ఉంది. కాగితాలన్నీ నా చేతిలో. కౌంటర్ దగ్గరికి రాగానే వదిలేసిన ఆ 'కారణం' గడి నింపడం మొదలుపెట్టాను. అన్నిటిలోనూ ఒకటే: పసుపు పెన్సిల్ అయిపోయింది, గీసింది నేను. కింద పూర్తి సంతకం. బాబాయి నా భుజం మీంచి చదివాడు. నాలుగో కాగితం దగ్గర బయటికి వెళ్లిపోయాడు.

ఏప్రిల్ 19
మ్యాపు మారింది. నన్ను సస్పెండ్ చేశారు. బాబాయి ఇంకా పలకడం లేదు.
ఇవాళ నా గుమ్మం ముందు కొత్త పసుపు పెన్సిల్ ఉంది. చెక్కి మరీ పెట్టాడు.