భుజం మీద మిగిలిన వేళ్లు

హెలెనా,

షిఫ్ట్‌కి టైమైంది, వెళ్తున్నా. మన గ్రూప్ అసైన్‌మెంట్‌లో నా భాగం రాసేశాను. నువ్వు అదే ఆన్‌లైన్ ఫైల్‌లో రాయి, మళ్లీ వేరే కాపీ తీయకు. ఏదైనా చెరిగిపోతే కంగారుపడకు, వెర్షన్ హిస్టరీలో పాతది దొరుకుతుంది. నా ల్యాప్‌టాప్ వాడుకుంటే వాడుకో గానీ, నీ అకౌంట్ లాగౌట్ చెయ్యి. నీ ఫోటోలన్నీ నాకు కనిపిస్తున్నాయి.

చర్చి పిక్నిక్ ఫోటో కూడా చూశాను. వెనకున్న చెత్తడబ్బా తీసెయ్యడానికని నీకు ఫోటో ఇరేజర్ వాడటం నేర్పింది నేనే. డబ్బా అలాగే ఉంది, మధ్యలో నిలబడ్డ నేనే లేను! నువ్వూ ఆ ఎవా మాత్రం పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నారు. యూనివర్సిటీలో పరిచయమై నెల కాలేదు, అప్పుడే డీపీ కూడానా? నాకు కుళ్లు అనుకుంటే అనుకో. ఇంకోసారి మనిషిని చెరిపేటప్పుడు జూమ్ చేసి చూసుకో. నీ భుజం మీద నా వేళ్లు అలాగే ఉండిపోయాయి.

కోడిగుడ్డు పులుసు ఫ్రిజ్‌లో పెట్టాను. ఆ మహాతల్లి వచ్చినా ఇద్దరికీ సరిపోతుంది.

మరియ

ఎడిట్‌లోకి వెళ్లి 'రివర్ట్' నొక్కితే నేను మళ్లీ ఫోటోలోకి వచ్చేస్తాను. నేనే నొక్కేదాన్ని, చెయ్యి అక్కడిదాకా వెళ్లింది కూడా. కానీ అది నువ్వే నొక్కాలి.