గడ్డకట్టించకూడని సీసా

గోదావరిఖని, 16 జూన్ 2025

ప్రొఫెసర్ గారికి,

వంట, బట్టలు, నీళ్ళు పట్టడం ముగించి రాస్తున్నాను. కణాల్లో ఒక ప్రోటీన్‌ను గుర్తించే మీ యాంటీబాడీ మా ఇంట్లోనే పాడైందని, తప్పు మీ దగ్గర పరిశోధన చేస్తున్న నా కూతురు సంధ్యారాణిదని నివేదికలో రాస్తున్నారట.

సెలవులకు ల్యాబు మూసి ఉండటం వల్ల ఆ సీసా కొరియర్‌లో మా క్వార్టర్‌కు వచ్చిన మాట నిజమే. మా ఆయన గనిలో గ్యాస్ రీడింగు రాసినట్టే, నేను రెండు గంటలకోసారి ఫ్రిజ్ రీడింగు రాసి సంతకం పెట్టాను. కరెంటు పోతే పక్కింటి నుస్రత్ బేగం ఐసు తెచ్చి, "సీసా సల్లగనే ఉన్నది అక్కా, నువ్వే కాగుతున్నవ్!" అని నవ్వింది.

గడ్డకడితే పాడవుతుందని, గడ్డకట్టించొద్దని సీసా మీదే ఉంది. సీసా మీకు చేరాక మీ ల్యాబు రిజిస్టరులో మాత్రం "డీప్ ఫ్రీజర్‌లో పెట్టాం" అని ఉందట. కింద సంతకం మీదేనట.

నా రీడింగుల నకలు జతచేశాను. వచ్చే సోమవారంలోగా నివేదికలో సంధ్య పేరు కొట్టేయకపోతే, తర్వాతి ఉత్తరం మీ పైవాళ్ళకు వెళ్తుంది. ముందు మీకే చెప్పాల్సిన బాకీ దీనితో తీరింది.

సంధ్యారాణి తల్లి