దొరకు నిచ్చెన కావాలె

నాయనమ్మా,

నువ్వు మట్టిగంప దించుకున్న బండను ఒక టూరు గైడు దొర కుర్చీ చేసిండు.

నీ సంవత్సరీకం నాడు సూర్యాపేటల కారు కిరాయికి తీసుకున్న. గైడుతోటి మిర్యాలగూడ దాక పాత ఊర్లు సూపించే ఒక్కరోజు టూరు. వెట్టికి నడిచిన తొవ్వల ఒక్కసారన్న కారుల పోవాలె అనేదానివి గదా, ముందు సీటు నీకే ఇడిసిపెట్టిన.

మన ఊర్ల, దొర ఉన్న గడి బావి కాడ ఆపి, "దొరగారు సాయంత్రం ఈ బండ మీద కూర్చుని గాలి పీల్చుకునేవారండీ" అన్నడు కోదాడ గైడు.

"దొర కూసునుడేందన్నా? బావి తవ్వేటప్పుడు ఆడోళ్ళు నెత్తిమీది గంపలు దించిన బండ ఇది. తొమ్మిదేండ్లప్పుడు మా నాయనమ్మ మోసింది."

"పుస్తకంలో లేదు తమ్ముడూ. ఆదివారం పదింటికి 'దొర కుర్చీ' అని బోర్డు కూడా పెడుతున్నాం."

పుస్తకం రాసినోడు ఒక్క గంపన్న మోసిండా? ఒంగకుండ గంప దించెటందుకు బండ నా ఛాతీ ఎత్తుంది. దానిమీద కూసోవాలంటే దొరకు నిచ్చెన కావాలె!

ఊరందరికి చెప్పిన. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి, బోర్డు కంటె గంట ముందు, బండ కాడికి రావాలె. అప్పుడు వెట్టికి పోయినట్టే ఇంటికో మనిషి, నెత్తిన మట్టిగంపతోటి.

నీ గంప నేను తెస్త.