ఖాళీ బుడగలు

జూన్ 4

రిటైరైనవాడిని మళ్ళీ పిలిచారు. పిలిచింది నా శిష్యుడే. ఇప్పుడు ల్యాబ్ డైరెక్టర్. పుస్తకంలో అట్ట దాటి లోపలికి పోయిన పాపాన పోలేదు, అయినా నా కుర్చీలో కూర్చున్నాడు. ఎలుకల ఊపిరితిత్తుల స్లైడ్లు చూసిపెట్టమన్నాడు.

జీవకణాలు తమంతట తామే వదిలే బుడగల్ని, అదే వెసికిల్స్‌ని, పట్టి, వాటిలో మందు నింపి మనిషి ఒంట్లోకి పంపుతారట. ప్రస్తుతం మందు లేదు. ఉత్త బుడగలే. బండి మంచిదో కాదో తేలాక సరుకు సంగతి. నా సంతకం పడితే వచ్చే నెల మనుషులకి ఎక్కిస్తారు.

ఏ ఎలుకకి బుడగలు, ఏ ఎలుకకి సెలైన్ ఎక్కించారో నాకు చెప్పరు. స్లైడ్ల మీద అంకెలే.

జూన్ 7

మైక్రోస్కోప్ కింద ఊపిరితిత్తి ఎంత అందమైన చోటు! గులాబిరంగు లేసు. ఒక్కో గదీ దాటుతూ ఎంతసేపైనా తిరగొచ్చు. కోడలు ఫోన్ చేసి, మావయ్యా, భోజనానికి వస్తారా, ఎలుకలతోనే కానిస్తారా అని అడిగింది.

జూన్ 8

నెత్తురు గడ్డలు. సన్నటి రక్తనాళాల్లో గోడకి అతుక్కుని, పొరలు పొరలుగా. కొన్ని ఎలుకల్లోనే.

ఇవి బుడగల ఎలుకలే కావాలని కోరుకున్నాను. శిష్యుడి మొహం ఊహించుకుంటూ ఇంటికి నడిచాను. ఇంత హాయిగా నడిచి ఎన్నాళ్ళయిందో.

జూన్ 12

అంకెల గుట్టు విప్పారు. గడ్డలున్నవన్నీ బుడగల ఎలుకలే. తల్లికణం బుడగని ఒట్టి చేతులతో పంపలేదు. రక్తాన్ని గడ్డకట్టించే గుణమేదో మూటగట్టి మరీ పంపింది.

శిష్యుడు నవ్వాడు. అది ఎలుక చచ్చాక గడ్డకట్టిన రక్తం మాస్టారూ, కళ్ళజోడు మార్పించుకోండి, ఖర్చు మాదే అన్నాడు. చచ్చాక కట్టిన గడ్డ అలా గోడని పట్టుకోదని ఈ వెధవకి నేర్పింది నేనే. రెండో అభిప్రాయం తీసుకుంటాడట. ఎవరిదయ్యా అంటే, మీసాలాయనది.

జూన్ 13

మీసాలాయన! నా పుస్తకాన్ని సమీక్షిస్తూ, నిద్ర పట్టనివారికి ఈ గ్రంథం దివ్యౌషధం అని రాసినవాడు. అప్పట్నుంచీ నేను ఔనంటే కాదనడమే వాడి వృత్తి. శిష్యుడు సరైన గొడ్డలే ఎత్తాడు.

వచ్చే నెల, నేనెన్నడూ చూడని మనిషెవరో చెయ్యి చాపుతాడు. సూది గుచ్చుతారు. కాసేపటికి ఊపిరి పీల్చబోతాడు. మొన్న హాయిగా నడుస్తున్నప్పుడు ఈ మనిషి నాకు తట్టలేదు.

జూన్ 15

తీగ మీద తువ్వాలు గాలికి నిండుతోంది, సడలుతోంది. ఆగిపోతుందేమోనని చూస్తూ కూర్చున్నాను.

జూన్ 19

మీసాలాయన కూడా అంకెల అర్థం తెలియకుండానే చూశాడట. నేను ఎంచిన ఎలుకల్నే ఎంచాడు. నేను వదిలేసిన ఇంకోదాన్ని కూడా! మనుషుల మీద పరీక్ష ఆపేశారు. శిష్యుడు ఫోన్ చెయ్యలేదు.

మీసాలాయన చేశాడు. ఒక ఎలుకని వదిలేశావేమిటోయ్, పక్కన నీ పుస్తకం గానీ తెరిచి పెట్టుకున్నావా అన్నాడు. థాంక్స్ చెప్పబోయాను. ఏడిశావులే, నీ మీద కోపం చెక్కు చెదరలేదు అని పెట్టేశాడు.

ప్రాణం కుదుటపడింది.

జూన్ 20

మధ్యాహ్నం కునుకులో ఒక గులాబిరంగు సందు. మనిషి పట్టనంత ఇరుకు. నేనూ మీసాలాయనా అడ్డంగా నిలబడి పోట్లాడుకుంటున్నాం. మా వెనక బుడగలు బారులు తీరి, కాస్త దారి ఇవ్వండి బాబూ అని మర్యాదగా అడుగుతున్నాయి.

మేం వినిపించుకోలేదు.