అత్తగారి క్షేమ సమాచారం

నవంబరు 14, మంగళవారం

డ్రైవరు తమ్ముడికి,

ఆశీస్సులు. మీ ఇంటిల్లిపాదీ బాగుండాలని కోరుకుంటున్నాను. నేను వేళకు తింటున్నాను, నిద్ర కూడా పడుతోంది. ఈ రెండూ అడుగుతావని ముందే రాసేస్తున్నాను.

ఆఖరి రోజు సంగతి నీకు ఎవరూ సరిగ్గా చెప్పి ఉండరు. మీ అక్క ఆరింటికి లేచింది. నర్సు వచ్చి మందు మార్చింది. పదింటికి కిటికీ తెర లాగమంటే లాగాను. మధ్యాహ్నం నాలుగు చెంచాల పాలు తాగింది. నాలుగింటికి ఓడ నుంచి నీ ఫోను వచ్చింది. పదకొండు నిమిషాలు మాట్లాడావు. ఐదింటికి నిద్రపోయింది. ఏడుంబావుకు ఊపిరి ఆగింది. నేను పక్కనే ఉన్నాను. అంతే.

తర్వాత నువ్వు రాలేదు. మూడు వారాలకు ఉత్తరం వచ్చింది, నాలుగే వాక్యాలు. బావగారూ, ఆఫీసు రిపోర్టులో ఉన్నదున్నట్టు రాశాను, అక్కకు మాత్రం అబద్ధం చెప్పాను, మీరు నాకు థాంక్స్ చెప్పొద్దు, మీ మొహం చూడలేను అని. ఇక సముద్రంలోకి దిగనని, ఒడ్డున వర్క్‌షాపులోనే ఉంటానని ఆఫీసులో కూడా చెప్పావట.

నీ బాధ నాకు తెలుసు. అంకె తప్పితే మీ అక్క ఊరుకునేది కాదు. తన స్టూడెంటు ఒకడు వేడి కొలత మూడువందల ముప్ఫైఏడు డిగ్రీలను మూడువందల నలభై అని రాస్తే, ఆ మూడు డిగ్రీలూ నీ జేబులోంచి వేశావా బాబూ అని అడిగింది. అలాంటి మనిషిని ఆఖరి రోజున మోసం చేశానని కుమిలిపోతున్నావు.

నేను వంతెనల నక్షాలు గీసి బతికినవాణ్ణి. పడవంటేనే నాకు పడదు. రెండున్నర కిలోమీటర్ల లోతున, ఎండ పొడ తగలని చోట, నేల పగుళ్లలోంచి వేడినీళ్లు తన్నుకొచ్చే ఆ బుగ్గల గురించి నాకు తెలిసిందంతా మీ ఇద్దరి కబుర్ల వల్లే. పరిశోధనంతా వాటి మీదే అయినా, గుండె జబ్బని డాక్టర్లు ఆమెను కిందికి దిగనివ్వలేదు. పంతొమ్మిదేళ్లు, చిన్న జలాంతర్గామి నడుపుకుంటూ దిగి చూసొచ్చిన నువ్వే ఆమె కళ్లు. పైలట్ అనమని నువ్వు ఎంత మొత్తుకున్నా డ్రైవరు అనే పిలిచింది.

నల్లటి పొగ కక్కే ఆ పెద్ద గొట్టానికి 'అత్తగారు' అని పేరు పెట్టిందీ ఆమే. మా అమ్మ ఉన్నన్నాళ్లూ ఆ పేరు మన ముగ్గురి మధ్యే ఉండిపోయింది. నువ్వు పైకి రాగానే అత్తగారు ఎలా ఉన్నారని అడిగేది. ఏముందక్కా, చిర్రుబుర్రులాడుతున్నారు, దగ్గరికి పోతే మాడి మసే అనేవాడివి.

ఆ గొట్టం చుట్టూ బతికే ఎర్రకుచ్చుల పురుగులకు నోరుండదు, కడుపుండదు. లోపల కాపురముండే సూక్ష్మజీవులే గంధకంతో వండి పెడతాయి. పురుగు వాటికి ఇల్లు. పెళ్లయిన కొత్తలో నాకిది చెప్పి, మనింట్లో పురుగెవరో మీరే తేల్చండి అంది. వండేది నేను కాబట్టి పురుగు తనేనని తర్వాత ఒప్పుకుంది.

ఆ రోజు నీ గొంతు వినగానే తల ఎత్తింది. నెల రోజులుగా తనంతట తాను ఎత్తని తల. అదే ప్రశ్న అడిగింది. నువ్వు చెబుతున్నంతసేపూ దుప్పటి మీద వేలితో ఏదో గీస్తూనే ఉంది. ఆ పదకొండు నిమిషాలు నేను ఇవ్వలేకపోయేవాణ్ణి. వద్దన్నావు కాబట్టి ఒక్కసారే చెబుతాను. థాంక్స్.

ఉద్యోగం విషయంలో తొందరపడకు. ఉంటాను.

మీ బావ

తా.క. సంతకం పెట్టి కవరు అంటించి, మళ్లీ చింపాను. ఇప్పుడు ఆమెకిచ్చిన మాట తప్పుతున్నాను.

ఫోను పెట్టేయగానే ఆమె నవ్వింది. ఏవండీ, అత్తగారు పోయారు అంది. అంతా బాగుందనే కదా చెప్పాడు అన్నాను. చెప్పాడు పాపం, పొగ వస్తోందన్నాడు, కుచ్చులు ఊగుతున్నాయన్నాడు, అక్కడితో ఆగొచ్చుగా, గొట్టం భుజం మీద ఓ నక్షత్రచేప కూర్చుందన్నాడు అంది. పంతొమ్మిదేళ్లలో ఆ గొట్టం మీదికి ఒక్కటీ ఎక్కలేదట. ఆ గంధకం నీళ్లు వాటికి విషమట. గొట్టం పొయ్యి ఆరిపోయి, పొగ ఆగి నెలలైతేనే వచ్చి కూర్చుంటాయట. పిచ్చి సన్నాసి, ఇన్ని అబద్ధాలాడి చూసిందొక్కటి చెప్పకుండా ఉండలేకపోయాడు, ఎన్ని డిగ్రీలని అడగలేదు నేను, అడిగితే ఏడ్చేసేవాడు అంది. నాకు తెలిసిపోయిందని వాడికి చెప్పకండి, ఎంత కష్టపడ్డాడో అని నా చేత మాట తీసుకుంది. నవ్వు మొహంతోనే నిద్రపోయింది.

ఈ ఉత్తరం పోస్టులో వేయను. రేపు ఉదయం ఎనిమిదింటికి మీ వర్క్‌షాపుకు వచ్చి, నీ చేతికిచ్చి, నువ్వు చదివేదాకా అక్కడే నిలబడతాను.